ఆరు గంటల దాకా

నవనీత రెండేళ్ళుగా ఒక మంటకు వైద్యం చేస్తోంది. ఆ మంటను ఒక్కసారైనా కళ్ళతో చూసిన పాపాన పోలేదు.

మంట ఉన్నది ఉత్తరాన రెండువందల కిలోమీటర్ల అవతల, ఒక సిమెంటు ఫ్యాక్టరీలో. ఆమె ఉన్నది మదనపల్లెలో, టమాటా మార్కెట్టుకు పోయే దారిలో, పురుగుమందుల అంగడి పైనున్న మిద్దె గదిలో. కింద లారీల హారన్లు, పైన ఆమె కంప్యూటరు. ఆ తెర మీద కిల్న్ తాలూకు అంకెలు నిమిషానికోసారి మారుతుంటాయి. కిల్న్ అంటే పడుకోబెట్టిన ఇనుప గొట్టం. అరవై మీటర్ల పొడవుంటుంది, లోపలంతా ఇటుకలు పేర్చి ఉంటాయి. అది మెల్లగా దొర్లుతూ ఉంటే సున్నపురాయి పొడి ఒక కొసన లోపలికి పోయి, కాలి, నల్లటి గుండ్లుగా రెండో కొసన బయటపడుతుంది. ఆ గుండ్లను క్లింకర్ అంటారు. వాటిని పొడి చేస్తే సిమెంటు.

కాల్చే పని బర్నర్‌ది. కిల్న్ నోట్లోకి దూర్చిన లావుపాటి పైపు అది. అందులోంచి బొగ్గుపొడి వస్తుంది, దాని చుట్టూ రెండు రకాల గాలి వస్తుంది. ఒకటి నేరుగా దూసుకుపోతుంది, దానితో మంట పొడుగ్గా సాగుతుంది. రెండోది సుడి తిరుగుతూ వస్తుంది. దాన్ని స్విర్ల్ అంటారు. స్విర్ల్ పెంచితే మంట పొట్టిగా, లావుగా, వేడిగా మారుతుంది, బొగ్గు తక్కువ పడుతుంది. మరీ పెంచితే ఆ మంటే పక్కనున్న ఇటుకల్ని నాకేస్తుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడ నిలపాలో చెప్పడమే నవనీత ఉద్యోగం.

రామకుప్పం పక్క పల్లెలో ఉండే వాళ్ళ నాన్న నారాయణస్వామి మాత్రం ఇదంతా ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మా పాప మంటలకు డాక్టరు" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఒకప్పుడు ఎవరి పొలంలో కూలిపని ఉంటే ఆ పొలానికి పరిగెత్తిన మనిషి, ఇప్పుడు కాస్త రాగిచేను కౌలుకు చేసుకుంటున్నాడు. కూతురు కుర్చీలో కూర్చుని జీతం తెస్తోందంటే ఆయనకు నేల మీద కాళ్ళు ఆనడం లేదు.

ఆఫీసు సుబ్బరాయుడిది. ముప్పై ఏళ్ళు సిమెంటు ఫ్యాక్టరీల్లో దుమ్ము మింగి, అరవై దాటాక సొంతూరు మదనపల్లెకు వచ్చి ఈ గది తెరిచాడు. చెడ్డవాడని చెప్పడానికి వీల్లేదు. మంట గురించి నవనీతకు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఒక్కరోజు గొంతు పెంచి మాట్లాడింది లేదు. అయితే ఆయనకు రెండు పట్టింపులున్నాయి. ఉద్యోగంలో చేరినరోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని తన బీరువాలో పెట్టేసుకుంటాడు. చిన్న ఆఫీసులు చాలావాటిలో ఉన్న పద్ధతే కాబట్టి నవనీత కిమ్మనకుండా ఇచ్చేసింది. రెండో పట్టింపు, సెట్టింగు ఏదైనా సరే కాగితం మీద గానీ మెసేజీలో గానీ రాయకూడదు. ఫోన్లో నోటితో చెప్పాలి.

"రాసిచ్చినామనుకో అమ్మా, ఆ కాగితం గోడకు అతికించుకుంటారు. ఇంక మనతో ఏం పని వాళ్ళకు?" అనేవాడు నవ్వుతూ.

ఆయన విద్యే ఆయన సరుకు, దాన్ని దారినపోయేవాళ్ళకు పంచిపెట్టమంటే ఎట్లా అని నవనీత కూడా ఒప్పుకునేది. ఫ్యాక్టరీకి పంపించమని మొదట్లో రెండుమూడు సార్లు అడిగింది. "ఆడపిల్లవు, ఆ దుమ్ములోకి యాలమ్మా? ఈడ అన్నీ కనపడతాండాయి గదా" అన్నాడాయన. మంటను చూపించే కెమెరా ఒకటుండేది గానీ అది కాలిపోయి ఏడాది దాటింది. కొత్తది ఎవరూ పెట్టలేదు. ఆమె కూడా అడగడం మానేసింది.

ఫోను అవతల ఉండేది మునిశేఖర్. కిల్న్ నోటికి ఎదురుగా ఇనుప మెట్ల మీద నిలబడి, నీలం అద్దంలోంచి మంటను చూస్తూ, చేత్తో వాల్వు తిప్పేవాడు. ఆ వాల్వు సంగతి కంప్యూటరుకు తెలియదు. ఆమె చెప్పడం, అతను తిప్పడం, అంతే. సోమల దగ్గరి పల్లె అతనిది. కాంట్రాక్టు మీద పని. వాళ్ళమ్మ మారెమ్మ కురబలకోట వైపు ఇటుకబట్టీల్లో ఇరవై ఏళ్ళు నెత్తిన ఇటుకలు మోసింది. ఆ ఇంట్లో నెలజీతం చూసిన మొదటి మనిషి అతనే. మొదట్లో మేడం అనేవాడు. ఆమెది రామకుప్పమని తెలిసినరోజు "మన సైడేనా" అని సంబరపడిపోయి, ఆ నిమిషం నుంచే అక్కా అనడం మొదలుపెట్టాడు. వయసులో ఇద్దరికీ ఆరునెలల తేడా ఉంటే ఎక్కువ.

"నువ్వు సెప్పినట్టే పెట్టినానక్కా" అనేవాడు ప్రతి ఫోనుకూ చివర. ఆ మాట వింటే ఆమెకు మనసులో చల్లగా ఉండేది. తన మాట మీద అంత పెద్ద మంట వంగుతోంది, లేస్తోంది. ఎవరికుంటుంది చెప్పండి ఆ గొప్ప?

*

ఆ ఏడాది ఫ్యాక్టరీలో కొత్త బర్నర్ పెట్టించారు. కిలో క్లింకర్ కాలడానికి ఏడువందల అరవై ఐదు కిలోకేలరీల వేడి పడుతుంటే, దాన్ని ఏడువందల నలభై ఐదుకు దించి చూపిస్తానని సుబ్బరాయుడు మాటిచ్చాడు. చూపించడానికి మూడు రోజుల పరీక్ష. ఆ మూడు రోజులూ బర్నర్ విషయంలో మదనపల్లె మాటే చెల్లుతుంది, ఫ్యాక్టరీవాళ్ళు ఎవరూ వేలుపెట్టకూడదు. అదీ ఒప్పందం.

రెండోరోజు సాయంత్రానికి అంకె ఏడువందల నలభై తొమ్మిది దగ్గర మొండికేసింది. సుబ్బరాయుడు ఆమె కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"స్విర్ల్ ఇంకొంచెం ఎక్కిద్దామా అమ్మా?"

ఆయన అడిగే తీరే అంత. నిర్ణయం నీదే అన్నట్టు అడుగుతాడు. నవనీత లెక్కలు చూసుకుంది. వాల్వు నాలుగో మార్కు మీద ఉంది. ఐదు పెట్టొచ్చు. ఐదు పెడితే అంకె దిగుతుందో లేదో. ఆమె ఫోన్ తీసి "ఆరు పెట్టు శేఖర్" అంది.

"ఆరాక్కా?"

"ఆరు."

"సరేక్కా. నువ్వు సెప్పినట్టే."

తెల్లవారి ఆమె ఆఫీసు తలుపు తీసేసరికి అంకె ఏడువందల నలభై మూడు చూపిస్తోంది. సుబ్బరాయుడు పాలకోవా తెప్పించాడు. "నా తర్వాత ఈ ఆఫీసు నడిపేది ఈయమ్మే" అని కింద పురుగుమందుల అంగడాయనకు కూడా చెప్పాడు. నవనీత రెండు ముక్కలు తిన్నది.

పదకొండు గంటలకు తెర మీద ఇంకో గీత లేచింది. కిల్న్ పైపెంకు ఎక్కడ ఎంత వేడెక్కిందో చూపించే గీత అది. మామూలుగా మూడువందల డిగ్రీల దగ్గర చదునుగా ఉంటుంది. పన్నెండో మీటరు దగ్గర దానికి మూపురం మొలిచింది. మూడువందల నలభై. పన్నెండు గంటలకు మూడువందల ఎనభై. ఒంటిగంటకు నాలుగువందల పది. లోపల ఇటుక పలచబడుతోంది, మంట దాన్ని తినేస్తోంది అని దానర్థం. ఆమెకు అర్థం కాకపోవడమేం లేదు. పుస్తకంలో మొదటి పాఠమే అది.

"సార్, పన్నెండో మీటరు నాలుగువందల పది."

సుబ్బరాయుడు కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. "సాయంత్రం ఆరుకు టెస్టు అయిపోతుంది గదమ్మా. ఆరుంబావుకు దించేద్దాం. కొత్త ఇటుకలేలే, ఈ ఐదు గంటల్లో ఏమీ కాదు" అని, చెప్పులేసుకుని ఇంటికి భోజనానికి పోయాడు.

ఒకటింబావుకు ఫోను మోగింది.

"అక్కా, పన్నెండో మీటరు కాడ పెంకు బాగా కాగిపోతాండాది. కంట్రోల్ రూములో సారును అడిగితే మీ బర్నరు, మీ టెస్టు, మదనపల్లెనే అడుక్కోపో అన్న్యాడు. దించేదా?"

గదిలో సుబ్బరాయుడు లేడు. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే దీన్ని మరిచిపోవడానికి నవనీత ఆ తర్వాత చాలా అవస్థ పడింది. ఆమె గొంతు మీద ఎవరూ కత్తి పెట్టలేదు. ఎదురుగా ఏడువందల నలభై మూడు కనిపిస్తోంది. దించితే అది మళ్ళీ నలభై తొమ్మిదికి పోతుంది, మూడు రోజుల పరీక్ష మట్టికొట్టుకుపోతుంది, పొద్దున తిన్న కోవా కడుపులోనే ఉంది.

"ఆరు గంటల దాకా ఉండనీ శేఖర్."

అవతల ఫ్యాన్ల హోరు.

"సరేక్కా" అన్నాడు.

నాలుగూ ఇరవైకి తెర మీద బొగ్గు సున్నాకు పడిపోయింది. తర్వాత గాలి. తర్వాత అన్నీ. ఐదు గంటలకు శేఖర్ ఫోన్ చేశాడు.

"ఎర్రగా అయిపోయెనక్కా. తాటికాయంత మచ్చ సూస్తాండంగానే చాపంత అయిపోయె. లోపల ఇటుకలన్నీ రాలిపోయినాయి. పెంకు ఉబ్బిపోయె. అందరం కిందికి పరిగెత్తినాము."

"ఎవరికైనా..."

"ఎవరికీ ఏం కాలే."

నవనీత కుర్చీలో వెనక్కి వాలి, ఏడ్చింది. ఎవరికీ ఏమీ కాలేదన్న ఆనందంతోనే ఏడుస్తున్నానని అప్పటికి సర్దిచెప్పుకుంది.

*

మరుసటి రోజు విచారణ. వీడియోలో. తెర అవతల ఫ్యాక్టరీ మేనేజరు, అటూఇటూ ఇద్దరు ఆఫీసర్లు. వాళ్ళ వెనక గోడకు ఆనుకుని హెల్మెట్ చంకలో పెట్టుకుని నల్లగా, సన్నగా ఒక మనిషి. అతనే శేఖరని ఆమెకు కాసేపటికి గానీ తట్టలేదు. ఆ గొంతుకు ఇంకాస్త దిట్టమైన మనిషిని ఊహించుకుంది. రెండేళ్ళలో అతని ముఖం చూడడం అదే మొదలు.

"స్విర్ల్ ఆరు మీద ఉండాది. ఆరు పెట్టమని మీరు చెప్పినారా?" అన్నాడు మేనేజరు.

సుబ్బరాయుడు తొణకలేదు. "మేము అంకెలు చూసి సలహా ఇచ్చేవాళ్ళం సార్. ఐదు దాటించమని మేమెవరికీ చెప్పం. వాల్వు మీద చెయ్యి మీ మనిషిది. రాతలో ఏమన్నా ఉంటే చూపించండి." ఆపైన మెత్తగా ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, ఆరు అని చెప్పినామా?"

నవనీతకు బీరువా కళ్ళ ముందు కనిపించింది. అందులో తన పదో తరగతి నుంచి ఇంజనీరింగు దాకా కాగితాలు. అవి లేకపోతే తానెవరు? రాగిచేనులో కలుపు తీసుకునే నారాయణస్వామి కూతురు. తెరలోంచి శేఖర్ సూటిగా కెమెరాలోకి చూస్తున్నాడు.

"లేదు సార్" అంది.

మేనేజరు ఏదో రాసుకున్నాడు. శేఖర్ చూపు కిందికి దించుకున్నాడు. వీడియో ఆగిపోయింది. సుబ్బరాయుడు లేచి ఆమె భుజం తట్టబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత ఫోను మోగలేదు. రోజుకు ఏడెనిమిది సార్లు మోగే ఫోను. కిల్న్ ఆగిపోయింది, పెంకు ముక్క కోసి కొత్త రేకు అతకాలి, ఇటుకలు పేర్చాలి, రెండు వారాల పని. తెర మీద అంకెలన్నీ సున్నాలు. పొద్దున తొమ్మిదికి వచ్చి ఆ సున్నాల ముందు కూర్చోవడం, సాయంత్రం ఆరుకు లేచి హాస్టలుకు పోవడం. తిన్నది వంటికి పట్టలేదు. గది గోడలు నాలుగూ రోజుకో అంగుళం లోపలికి జరుగుతున్నట్టుండేది. కిటికీ తీస్తే పురుగుమందుల వాసన, వేస్తే ఉక్క. శేఖర్ నంబరు తీసి చూసుకునేది, చేయలేకపోయేది. చేసి ఏమని చెప్పాలి?

నాన్న ఫోన్ చేసేవాడు. "అడవిలోంచి ఏనుగులు దిగి చేను తొక్కిపోయినాయమ్మా. సగం పోయె. పోతే పోనీలే, నువ్వుండావు గదా. నీ మంటలెట్ల ఉండాయి?"

"బాగుండాయి నాన్నా."

నిజం చెప్పేద్దామని రోజుకు పదిసార్లు అనుకునేది. అనుకున్న ప్రతిసారీ బీరువా అడ్డొచ్చేది. సార్ సర్టిఫికెట్లు ఇవ్వడు, ఇవ్వకుండా తొక్కిపెడతాడు, ఇంకెక్కడా ఉద్యోగం రాదు, నాన్న ముఖం ఎట్లా చూడాలి? తాను మింగలేక కక్కలేక ఉండడానికి కారణం ఆ ఇనుప బీరువాయేనని ఆమె గట్టిగా నమ్మింది. ఒక విధంగా ఆ నమ్మకమే ఆమెకు ఆసరా. కట్టేసి ఉన్న మనిషిని ఎందుకు కదల్లేదని ఎవరూ అడగరు కదా.

పన్నెండో రోజు ఒక అబద్ధం తయారు చేసుకుని సుబ్బరాయుడి గదిలోకి పోయింది. "సార్, ఒక పరీక్షకు ఒరిజినల్స్ చూపించాలంట. నా సర్టిఫికెట్లు..."

ఆయన బల్ల సొరుగులోంచి తాళంచెవి తీశాడు. బీరువా తెరిచాడు. ఆమె కవరు తీసి, మీద దుమ్ము తుడిచి, చేతికిచ్చాడు.

"ఎప్పుడు అడిగినా ఇచ్చేవాడినే గదమ్మా. హాస్టల్లో ఎలకలు కొడతాయని పెట్టినాను. మళ్ళీ తెచ్చివ్వాల్సిన పనిలే, నీ దగ్గరే ఉంచుకో."

అంతే. ఏ పరీక్ష అని కూడా అడగలేదు. పేపరు తీసుకుని చదువుకోవడంలో పడ్డాడు.

నవనీత ఆ కవరు పట్టుకుని మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయింది. ఆయన అడగ్గానే ఇచ్చేశాడు. అయితే ఆరోజు నోరు నొక్కిందెవరు? ఒకటింబావుకు ఫోన్లో మాట్లాడిందెవరు? సిగ్గుతో ఆమె ఒళ్ళంతా కాలిపోయింది.

*

మర్నాడు సెలవు పెట్టి పుంగనూరు బస్సెక్కింది. శేఖర్‌ను ఊరికి పంపించేశారని సుబ్బరాయుడి ఫోను మాటల్లో విన్నది. మేనేజరుకు ఉత్తరం రాసేముందు ఒక్కసారి శేఖర్ కాళ్ళ మీద పడైనా సరే క్షమించమని అడగాలనుకుంది. పుంగనూరులో దిగి సోమల బస్సు పట్టుకుంది. పల్లెలో ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. ఫ్యాక్టరీ శేఖర్ అంటే అందరికీ తెలుసు.

సిమెంటు ఇటుకలతో కట్టిన రెండు గదుల ఇల్లు, ఇంకా పూత పూయలేదు. శేఖర్ వాకిట్లో సైకిలు చైను బిగిస్తున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. పోల్చుకున్నాడు.

"రాక్కా" అన్నాడు.

మారెమ్మ బయటికొచ్చింది. మెడ కొంచెం ముందుకు వంగిన మనిషి, ఏళ్ళ తరబడి మోసిన బరువు ఎక్కడికి పోతుంది? "ఎవురప్పా?" అంది కొడుకుతో.

"ఫోన్లో మాట్లాడే అక్క. మదనపల్లె."

"అయ్యో, నువ్వేనా పాపా! రా, కూసో. మావోడు దినామూ నీ మాటే సెప్తాడు. వాడికి అంత పనయిపోతే సూసిపోదామని నువ్వన్నా వస్తివి." గ్లాసులో మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. నవనీత రెండు గుక్కలు తాగింది. గ్లాసు కింద పెట్టింది.

మారెమ్మ దూరంగా గడప మీద కూర్చుని చింతపండు గింజ తీసుకుంటోంది. నవనీత గొంతు తగ్గించింది.

"శేఖర్, ఆరోజు నేను అబద్ధం చెప్పినాను. మేనేజరుకు నిజం రాస్తాను. ఆరు పెట్టమన్నది నేనే, ఉండనీమన్నది నేనే అని. ఇయ్యాలే పంపిస్తాను. నిన్ను ఒకమాట అడిగి పంపిద్దామని వచ్చినాను."

శేఖర్ చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. తుడుచుకోవడం ఆపలేదు.

"పంపొద్దు."

"ఎందుకు?"

"నేను సంతకం పెట్టినానక్కా. నా అజాగ్రత్త వల్లనే జరిగింది, నేనే సొంతంగా ఆరుకు తిప్పినాను అని. పదహైదు దినాలు పనిలోనించి ఆపినారు, తర్వాత రమ్మన్న్యారు. రేపటితో అయిపోతాది. ఇప్పుడు నువ్వు పోయి నిజం సెప్తే నేను రాసింది అబద్ధమవుతాది. అబద్ధం రాసిచ్చినాడని నన్ను శాశ్వతంగా తీసేస్తారు. కాంట్రాక్టోణ్ణి, అడిగేదానికి ఎవరుండారు నాకు?"

"నువ్వు యాల రాసినావు అట్ల?"

"నువ్వు లేదంటివి గదా." అతను మొదటిసారి ఆమెను సూటిగా చూశాడు. ఆ చూపులో కోపముంది, దాచుకోలేదు. "నువ్వు ఊ అనింటే నేను యాల రాస్తాను? నువ్వు లేదన్న్యాక నా మాట ఎవురు నమ్ముతారు? ఇప్పుడు సెప్తే నీ మనసు తేలికవుతాది. నా బతుకో?"

నవనీత రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్నతో అయిపోయాయి. నిజం ఒకటి దాచుకుని ఉంది కదా, ఎప్పుడు తీసి ఇచ్చినా చెల్లుతుందని అనుకుంది. దానికీ గడువుంటుందని ఎవరూ చెప్పలేదామెకు. సర్టిఫికెట్లు సంచిలో ఉన్నాయి, ఏ ఊరికైనా పోవచ్చు, ఎవరూ ఆపరు. అయినా ఆ మిద్దె గదిలో కంటే ఈ వాకిట్లోనే ఊపిరాడలేదు.

"నేను మానేస్తాను అయితే. వేరే ఎవరైనా..."

"మానొద్దు" అన్నాడు శేఖర్ వెంటనే. "ఎల్లుండి కొత్త ఇటుకలతో మంట పెడతారు. మీ సారుతోనే మళ్ళా టెస్టు. బర్నరు కాడ నేనే. నువ్వు పోతే ఇంకొకరు ఆ కుర్సీలో కూసుంటారు. వాళ్ళకు ఇదేమీ తెలీదు. నీకన్నా తెలుసు, ఏం సేస్తే ఏమైతాదో." గుడ్డ పక్కన పడేశాడు. "సెప్పు. స్విర్ల్ ఎంతలో పెట్టేది?"

అంకె ఆమె నాలుక చివరే ఉంది. రెండేళ్ళుగా అడిగిన తక్షణం ఠక్కున చెప్పిన నోరు. ఈసారి పెగల్లేదు.

"నాకు తెలీదు శేఖర్."

"అదేందక్కా?"

"నేనెప్పుడూ ఆ మంట చూడలేదు. ఆరోజు నువ్వు చూసినావు గదా. ఎట్ల ఉండె?"

శేఖర్ అరచెయ్యి పైకెత్తి, వేళ్ళు ఎడమవైపుకు వంచి చూపించాడు. "పన్నెండు గంటలకే ఇట్ల తిరగబడె. ఎడంపక్క ఇటుకను కొడతా ఉండె. నాకు కనపడతానే ఉండె. నా చెయ్యి వాల్వు మీదనే ఉండెనక్కా. రెండు సార్లు తిప్పబోతిని. నీకు ఫోన్ జేస్తే ఆరు గంటల దాకా ఉండనీమంటివి. నువ్వు సదువుకున్నదానివి, నాకంటే బాగా తెలుసునేమో అనుకుంటిని."

నవనీతకు అప్పుడు వచ్చిన ఏడుపుకు ఏ సర్దుబాటూ దొరకలేదు. ఏడవకుండా ఉండడానికి సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. ఒక కాగితం చింపి, మోకాలి మీద పెట్టుకుని రాసింది. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, అతనికిచ్చింది.

"మేనేజరుకు పంపను. ఇది నీ దగ్గర పెట్టుకో. ఎప్పుడు చూపించాలో, ఎవరికి చూపించాలో నీ ఇష్టం. చూపించకపోయినా నీ ఇష్టమే."

"ఏముంది పాపా దాంట్లో?" అని గడప మీద నుంచి మారెమ్మ అడిగింది. కాగితం చేతులు మారితే ఆ ఇంట్లో భయమే. "ఏమప్పా, మళ్ళా ఏమన్నా సంతకమా? సదువు."

శేఖర్ నవనీత వైపు చూశాడు. ఆమె వద్దనలేదు. అతను నిలబడే, నింపాదిగా, పైకి చదివాడు.

"స్విర్ల్ ఆరులో పెట్టమని మునిశేఖర్‌కు చెప్పింది నేను. పెంకు కాగిపోతోంది, దించేదా అని ఒకటింబావుకు అతను నన్ను అడిగినాడు. ఆరు గంటల దాకా ఉండనీమని చెప్పింది కూడా నేనే. విచారణలో నేను అబద్ధం చెప్పినాను. ఇక మీద మంట పక్కకు తిరిగితే అతను నన్ను అడగాల్సిన పనిలేదు, తన చేత్తో తానే దించొచ్చు. నవనీత, తండ్రి నారాయణస్వామి, రామకుప్పం."

మారెమ్మ చేతిలో చింతపండు ఆగిపోయింది. కొడుకు ముఖం చూసింది, ఆమె ముఖం చూసింది. లేచి వచ్చి నవనీత ముందున్న గ్లాసు, సగం మజ్జిగ ఉండగానే తీసుకుని లోపలికి పోయింది.

శేఖర్ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. చింపేస్తాడని నవనీత అనుకుంది. అక్కర్లేదక్కా అని రెండు ముక్కలు చేసి పారేస్తాడని లోలోపల ఆశపడింది కూడా, ఆశపడుతున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అతను చింపలేదు. నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద గుండీ వేసుకున్నాడు.

"పుంగనూరు బస్సు ఐదున్నరకు వస్తాది. రోడ్డు కాడ నిలబడుకో" అన్నాడు. సైకిలు తిరగేసి మళ్ళీ చైను అందుకుని, తల ఎత్తకుండానే చెప్పాడు. "ఎల్లుండి రెండు గంటలకు మంట పెడతారు. ఫోన్ జేస్తాను. ఎత్తు."

ఈసారి అక్కా అనలేదు.